నూట అరవై బిట్లు, నాలుగు వందల ఎనభై తప్పు జవాబులు

మాణికేశ్వర్ నగర్ నుంచి ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీకి ఆటో అక్కర్లేదు. పాతవాళ్లు వడ్డెర బస్తీ అనే ఈ వాడ యూనివర్సిటీ ప్రాంగణాన్ని ఆనుకునే ఉంది. కాస్త నడిస్తే 1939లో ఏడో నిజాం ప్రారంభించిన గులాబీరంగు గ్రానైటు ఆర్ట్స్ కాలేజీ, ఇంకాస్త నడిస్తే 1929లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ వస్తాయి. తార్నాక వైపు తిరిగితే జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ కనిపిస్తాయి. అక్కడి నుంచి హబ్సిగూడ దారి పడితే ఎన్జీఆర్ఐ, సీసీఎంబీ ఉన్నాయి. సైన్సుతో బతికే సంస్థలు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోటు హైదరాబాదులోనే మరొకటి దొరకడం కష్టం. అయినా ఈ బస్తీలో పుట్టిన అమ్మాయికైనా, ఆదిలాబాద్ అబ్బాయికైనా ఆ ఇంజినీరింగ్ కాలేజీలో సీటుకు దారి ఒకటే. వేసవిలో ఒక పూట కంప్యూటర్ ముందు కూర్చుని 180 నిమిషాల్లో 160 బిట్లు పెట్టాలి. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పు పెడితే పోయేదేమీ లేదు. బిట్టుకు సగటున దక్కే సమయం 67 సెకన్లు.

ఈ 67 సెకన్ల కోసం ఇంటర్ రెండేళ్లూ పిల్లలు చేసే పని బిట్లు ప్రాక్టీస్ చేయడం. వీకెండ్ టెస్టు, క్యుములేటివ్ టెస్టు, చివర్లో గ్రాండ్ టెస్టులు. ఈ సాధన మీద తెలుగునాట రెండు గట్టి అభిప్రాయాలున్నాయి. బిట్లు పిల్లల్ని బట్టీ యంత్రాలు చేశాయని, వాటివల్లే నాలుగు లైన్ల నిరూపణ రాయడం కూడా రాకుండా పోయిందని ఒక పక్షం వాదిస్తుంది. ఎంత చేస్తే అంత ర్యాంకు అని రెండో పక్షం నమ్ముతుంది. మొదటి మాట ఎక్కువగా రిటైరైన లెక్చరర్ల నోట, రెండోది కాలేజీల హోర్డింగుల మీద కనిపిస్తుంది. పరిశోధనలను, పరీక్ష లెక్కలను, బిట్టు తయారయ్యే తీరును పక్కపక్కన పెట్టి చూస్తే, రెండు పక్షాలూ గొడవ పడుతున్నది సరైన జవాబు గురించేనని తేలుతుంది. బిట్టులో చదువు దాగి ఉండేది మిగతా మూడు తప్పు ఆప్షన్లలో.

బిట్టు పుట్టుకలో దురుద్దేశమేమీ లేదు. ఒకే జవాబుపత్రానికి ఒక మాస్టారు 80, ఇంకొకరు 50 వేస్తున్నారన్న బాధ అమెరికాలో వందేళ్ల కిందట గట్టిగా ఉండేది. 1914-15 ప్రాంతంలో కాన్సస్‌లో ఫ్రెడరిక్ కెలీ అనే విద్యావేత్త చదివే సామర్థ్యాన్ని కొలవడానికి, దిద్దేవాడి ఇష్టాయిష్టాలతో పనిలేని పరీక్ష తయారుచేశాడు. 1917లో అమెరికా సైన్యం ఆ పద్ధతినే లక్షలమంది సిపాయిల మీద ప్రయోగించింది. 1938లో ఐబీఎం కంపెనీ జవాబుపత్రాలు దిద్దే యంత్రాన్ని బజారులోకి తెచ్చింది. దాని వెనకున్నది రెనాల్డ్ జాన్సన్ అనే హైస్కూల్ సైన్సు మాస్టారి ఆలోచన. పెన్సిల్ గీతలోని గ్రాఫైటు గుండా కరెంటు పారుతుందన్న చిన్న సంగతి మీదే ఆ యంత్రం నడిచేది. ఎగ్జామ్ హాల్లో పెన్సిలుతో గళ్లు నింపిన తరాలన్నీ ఒక రకంగా ఆ మాస్టారి శిష్యులే.

తెలుగునాట బిట్టు ఒక న్యాయంగా వచ్చింది. ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లను డొనేషన్ల పేరిట అమ్ముకునే రోజుల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ, ప్రవేశాలను క్రమబద్ధం చేస్తూ చట్టం తెచ్చింది. ఉమ్మడి ప్రవేశ పరీక్షగా 1986లో ఎంసెట్ మొదలైంది. ఎమ్మెల్యే సిఫారసుకు, తండ్రి సంచీకి లొంగనిది ఒక్కటైనా ఉండాలంటే దిద్దేవాడి చెయ్యి తగలని పరీక్షే కావాలి. ఆ పని ఎంసెట్ చాలావరకు చేసింది కూడా. రాష్ట్రం విడిపోయాక 2015 నుంచి ఎవరి పరీక్ష వాళ్లు పెట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో, తెలంగాణలో 2018లో కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది. మెడిసిన్ నీట్‌కు వెళ్లిపోవడంతో పేరులో అక్షరం మార్చక తప్పలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి ఇది ఈఏపీసెట్. జనం నోట్లో మాత్రం ఇప్పటికీ ఎంసెట్టే.

దీనికి సమాంతరంగా యూనివర్సిటీకి అవతలి పక్కన, అడిక్‌మెట్ దాటితే వచ్చే నల్లకుంటలో ఇంకో సంప్రదాయం నడిచింది. చుక్కా రామయ్య పేరు ముందు ఐఐటీ అన్న మాట ఇంటిపేరైపోవడానికి కారణమైన తరగతులు అక్కడివే. ఆయన దగ్గర చేరడానికి రాసే పరీక్షకే వేరే కోచింగ్ తీసుకునేవాళ్లని చెప్పుకునేంత గిరాకీ ఉండేది. అప్పటి ఐఐటీ అసలు పరీక్షలో జవాబు పూర్తిగా రాయాలి. ఎలా ఆలోచించాడో కాగితం మీద కనిపిస్తేనే మార్కులు. పుస్తకంలో లేని లెక్కతో ఓ సాయంత్రమంతా కుస్తీ పట్టడం ఆ చదువులో భాగం. 2006లో ఐఐటీ పరీక్ష పూర్తిగా ఆబ్జెక్టివ్ అయిపోయింది. లక్షల కాగితాలు చేత్తో దిద్దడం సాధ్యం కాదన్నది దానికి చెప్పిన కారణాల్లో ఒకటి. నల్లకుంట పద్ధతి వెనక్కి తగ్గడానికి ఇది ఒక్కటే కారణం కాకపోవచ్చు గానీ, గాలి ఎటు వీస్తోందో తెలిసిపోయింది.

ఆ గాలికి తెరచాప ఎత్తినవి కార్పొరేట్ కాలేజీలు. నెల్లూరులో 1979లో చిన్న ట్యూషన్ కేంద్రంగా మొదలైన నారాయణ, విజయవాడలో 1986లో ఆడపిల్లల కాలేజీగా మొదలైన శ్రీచైతన్య ఇంటర్ చదువు నిర్వచనాన్నే మార్చాయి. ఉత్తరాదిలో కోచింగ్ అంటే కాలేజీ బయట తీసుకునేది. రాజస్థాన్‌లోని కోటాకు వెళ్లిన పిల్లవాడు పేరుకు ఎక్కడో స్కూల్లో ఉంటాడు, చదివేది సెంటర్లో. తెలుగువాళ్లు ఆ గొడవే లేకుండా కాలేజీనే కోచింగ్ సెంటరు చేసేశారు. అందుకే 2024 జనవరిలో పదహారేళ్లు నిండనివాళ్లను కోచింగ్ సెంటర్లలో చేర్చుకోరాదని కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చినా ఇక్కడ పెద్దగా కదలిక రాలేదు. ఇంటర్ కాలేజీలో చేరిన పదిహేనేళ్ల పిల్లవాణ్ణి కోచింగ్‌లో చేరాడని ఎవరంటారు?

ఇక లెక్కలోకి దిగితే, ఈఏపీసెట్‌లో అర్హత మార్కు 25 శాతం. అంటే 160కి 40. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఈ హద్దు లేదు. నాలుగు ఆప్షన్లున్న 160 ప్రశ్నలకు ఏమీ చదవకుండా, ఇంకీ పింకీ అనుకుంటూ పెట్టుకుపోయినా సగటున వచ్చేవి సరిగ్గా 40. సంభావ్యత పాఠం చదివినవాళ్లు లెక్క వేసుకోవచ్చు: గుడ్డిగా పెట్టినవాడు అర్హత సాధించే అవకాశం సగం కంటే కాస్త ఎక్కువే. కాబట్టి ఈ పరీక్షలో అర్హత అన్నదానికి విలువ లేదు, ఉన్నదంతా ర్యాంకుకే.

ర్యాంకు దగ్గర గుడ్డి జవాబు సంగతి వేరుగా ఉంటుంది. ఒకమ్మాయికి 80 ప్రశ్నలు నిక్కచ్చిగా వచ్చు, తక్కిన 80 రావు అనుకుందాం. మిగిలినవి గుడ్డిగా పెడితే సగటున మరో 20 కలిసి వంద అవుతుంది. అదృష్టం ఒక నాలుగు మార్కులు అటూ ఇటూ ఊపుతుంది. తెలంగాణలోనే రెండు లక్షలమందికి పైగా ఇంజినీరింగ్ విభాగంలో పోటీపడతారు. అందరూ గుంపుగా ఉండే నడిమి మార్కుల దగ్గర నాలుగు మార్కులంటే వేల ర్యాంకుల తేడా. ఆ తేడాకు రూపాయల విలువ కూడా ఉంది. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకు పదివేల లోపు ర్యాంకు వస్తే ఫీజు మొత్తం ప్రభుత్వం ఇస్తుంది, ఆపైన అయితే 35,000 రూపాయల వరకే. మిగిలింది తండ్రి జేబులోంచి రావాలి.

అదే అమ్మాయికి రాని 80 ప్రశ్నల్లోనూ రెండేసి ఆప్షన్లు ఎందుకు తప్పో చెప్పగల శక్తి ఉంటే? మిగిలిన రెంటిలో ఒకటి ఎంచుకుంటే సగటున 40 వస్తాయి. మొత్తం 120. సరైన జవాబు ఒక్కటి కూడా కొత్తగా నేర్చుకోకుండా, తప్పులను గుర్తుపట్టడం వల్లే వచ్చిన 20 మార్కులివి. ఏ మోటివేషన్ క్లాసులోనూ ఇంత సూటైన లెక్క చెప్పరు, ఎందుకో మరి.

తప్పుకు శిక్ష ఎంత వేయాలన్నది కూడా పరీక్షకో రకంగా ఉంది. జేఈఈ మెయిన్‌లో ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. మైనస్ మార్కులంటే పిల్లలు హడలిపోతారు గానీ, నాలుగు ఆప్షన్ల ప్రశ్నకు గుడ్డిగా పెట్టినా సగటున పావు మార్కు లాభమే. ఒక్క ఆప్షన్ కొట్టేయగలిగితే సగటున మూడింట రెండు వంతుల మార్కు వస్తుంది. బిట్స్ పిలానీ పరీక్షలో ఒప్పుకు మూడు, తప్పుకు మైనస్ ఒకటి కాబట్టి గుడ్డి జవాబుకు లాభమూ లేదు, నష్టమూ లేదు. అమెరికాలో తెలుగు ఇళ్లలోనూ పిల్లలు సాధన చేసే ఏఎంసీ గణిత పోటీ మరీ తెలివైనది. 75 నిమిషాల్లో 25 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు మూడు నిమిషాలు. ఒప్పుకు ఆరు మార్కులు, తప్పుకు సున్నా, ఖాళీగా వదిలేస్తే ఒకటిన్నర. ఐదు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున వచ్చేది 1.2 మాత్రమే. రాదని ఒప్పుకున్నవాడికే అక్కడ గుడ్డిగా పెట్టినవాడికంటే ఎక్కువ వస్తుంది. ఎంసెట్ తరహా పరీక్షలో మాత్రం ఖాళీ వదిలినవాడు అమాయకుడు. ఒకే రకం సాధన అన్నిటికీ సరిపోతుందనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది.

బిట్లు చేస్తే చదువు వస్తుందా అన్న అసలు ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇచ్చిన జవాబు హోర్డింగుల పక్షానికి కొంత సంతోషం కలిగిస్తుంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక పాఠాన్ని కొందరు నాలుగుసార్లు చదివారు. ఇంకొందరు ఒక్కసారే చదివి మూడుసార్లు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చదివినవాళ్లకు గుర్తున్నది 40 శాతం, రాసుకున్నవాళ్లకు 61 శాతం. పరీక్ష కొలిచే పనిముట్టే కాదు, నేర్పే పనిముట్టు కూడా. అయితే వాళ్లు పెట్టింది బిట్లు కాదు, జ్ఞాపకం నుంచి సొంతంగా తోడి రాయడం. ఈ తేడా ముఖ్యం.

బిట్ల దగ్గరికి వస్తే రోడిగర్, ఎలిజబెత్ మార్ష్ 2005లో ఒక ఇబ్బందికరమైన సంగతి బయటపెట్టారు. ఆప్షన్లతో పరీక్ష రాసినవాళ్లు మొత్తమ్మీద లాభపడ్డారు, కానీ అందులో ఎరలుగా పెట్టిన తప్పు జవాబులు కొన్ని తలలో ఉండిపోయి తర్వాత నిజాలుగా బయటికొచ్చాయి. వెంటనే దిద్ది చెబితే ఆ నష్టం తగ్గుతుందని తర్వాతి పరిశోధన చెప్పింది. 2012లో జెరీ లిటిల్, ఎలిజబెత్ బ్యోర్క్, రాబర్ట్ బ్యోర్క్ ఇంకో అడుగు ముందుకు వేశారు. తప్పు ఆప్షన్లు నిజంగా పోటీపడేలా ఉంటే, అవి ఎందుకు కావో ఆలోచిస్తూ పిల్లలు వాటి గురించి కూడా నేర్చుకుంటారని చూపించారు. ముగ్గురు చేతగానివాళ్ల పక్కన ఒక గట్టివాణ్ణి నిలబెట్టినట్టు రాసిన బిట్టు ఏమీ నేర్పదు.

తెలుగునాట టెస్టు అయ్యాక ఏం జరుగుతుంది? నోటీసు బోర్డు మీద కీ అతికిస్తారు. పిల్లలు తమ మార్కులు లెక్కేసుకుంటారు. మర్నాడు ర్యాంకుల జాబితా వస్తుంది, సెక్షన్లు మారతాయి. ఆ తర్వాత ఇంకో టెస్టు. ఏ బిట్టు ఎందుకు తప్పిందో కూర్చుని మాట్లాడే గంట షెడ్యూల్లో ఉన్నా, సిలబస్ వెనకబడిందంటూ ముందుగా కోసేది దాన్నే. పరిశోధకులు మందు అన్నది దిద్దుబాటును. ఇక్కడ డోసు పెంచేది టెస్టుల సంఖ్యను.

ఒక ఉదాహరణ. సెకనుకు 20 మీటర్ల వేగంతో రాయిని నిట్టనిలువుగా పైకి విసిరితే, మళ్లీ చేతికి రావడానికి ఎంతసేపు పడుతుంది? గురుత్వ త్వరణం 10 అనుకోవాలి. ఆప్షన్లు: 1, 2, 4, 8 సెకన్లు. జవాబు 4. రెండు అన్నవాడు పైకి పోవడం వరకు సరిగ్గా చేసి దిగిరావడం మరిచిపోయాడు. ఒకటి అన్నవాడు ఆ రెండును మళ్లీ సగం చేశాడు, ఎనిమిది అన్నవాడు నాలుగును మళ్లీ రెట్టింపు చేశాడు. ముగ్గురికీ మార్కు సున్నా. కానీ ముగ్గురిదీ ఒకే అజ్ఞానం కాదు. రెండు అన్నవాడికి ఒక్క వాక్యం చాలు, ఎనిమిది అన్నవాడికి పాఠం మొదటి నుంచి చెప్పాలి.

కెమిస్ట్రీలో తెలుగు తరాలన్నిటికీ తెలిసిన ముసలి బిట్టు ఒకటుంది. 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత? సూత్రం ప్రకారం 8 వస్తుంది, ఆమ్లం క్షారం కావడం కుదరదు కదా. నీటి నుంచి వచ్చే హైడ్రోజన్ అయాన్లను కూడా కలపాలి, అప్పుడు 6.98 వస్తుంది. ఈ బిట్టు మొదటిసారి ఎదురైన పిల్లవాడికి ఒక చిన్న షాకు తగులుతుంది. సూత్రాన్ని గుడ్డిగా నమ్మకూడదని అప్పుడు తెలుస్తుంది. పదోసారి చూసినవాడికి 6.98 అన్నది ఓ ఫోన్ నంబరు. ఆ గాఢతను 10⁻⁷గా మార్చి చూడండి, జవాబు 6.79. అంకెలు అటూ ఇటూ అయినట్టున్న ఆ జవాబును చూసి అచ్చుతప్పు అనుకునే పిల్లలుంటారు. బిట్టును మళ్లీ మళ్లీ చేయించే ముందు ఒక్క అంకె మార్చి చూస్తే, వచ్చింది చదువో కంఠతానో అక్కడే తేలిపోతుంది.

ఈ కోణంలో బిట్టును శాస్త్రంగా వాడినవాళ్లు ఉన్నారు. 1992లో అమెరికాలో డేవిడ్ హెస్టెనీస్ బృందం బలం అన్న భావన మీద ఒక పరీక్ష తయారుచేసింది. సూత్రాలు లేవు, లెక్కలు లేవు, ఆప్షన్లు మాత్రం ఉన్నాయి. అందులో తప్పు ఆప్షన్లన్నీ నిజంగా విద్యార్థులు నమ్మే భ్రమలు. పైకి విసిరిన బంతి మీద పైకి తోసే బలం ఇంకా ఉంటుందన్న నమ్మకం అందులో ఒకటి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్, దీనికి ముందు హెస్టెనీస్ పాలుపంచుకుని తయారుచేసిన ఇలాంటి పరీక్షను తన క్లాసులో పెట్టి చూశాడు. కష్టమైన లెక్కలు చేసే పిల్లలే ఈ తేలిక ప్రశ్నల దగ్గర తడబడ్డారు. మీరు చెప్పినట్టు రాయాలా, మేం అనుకునేట్టు రాయాలా అని ఒక విద్యార్థిని అడిగిందని ఆయన చాలా సభల్లో చెప్పుకున్నాడు. లెక్చర్లు ఆపి, క్లాసు మధ్యలో ఒక బిట్టు ఇచ్చి, పక్కవాడితో వాదించుకోమని, మళ్లీ జవాబు అడిగే పద్ధతి ఆయన ఆ తర్వాత మొదలుపెట్టాడు. ఈ ప్రయోగానికి కావలసిన సామగ్రి నాలుగు ఆప్షన్లు, పక్కన ఒక మనిషి. మాణికేశ్వర్ నగర్‌లో ఏ డాబా మీదైనా రెండూ దొరుకుతాయి.

షార్ట్‌కట్లను తిట్టడం ఒక ఫ్యాషన్. కానీ అన్ని షార్ట్‌కట్లూ ఒక జాతివి కావు. 1×2 + 2×3 + 3×4 అంటూ ఎన్ పదాల వరకు కూడితే ఎంత అన్న బిట్టు తీసుకోండి. ఎన్ బదులు 1 వేసి ఆప్షన్లతో సరిచూడటం క్లాసులో మొదటి వారమే నేర్పుతారు. మంచి ప్రశ్నకర్త అది ఎరిగి నాలుగు ఆప్షన్లకూ ఒకటి దగ్గర 2 వచ్చేలా అమరుస్తాడు: ఎన్(ఎన్+1), ఎన్²(ఎన్+1), ఎన్(ఎన్+1)(ఎన్+2)/3, ఎన్(ఎన్+1)(2ఎన్+1)/3. ఒకటి దగ్గర ఆగిపోయినవాడు బోల్తా. రెండు వేస్తే వరుసగా 6, 12, 8, 10 వస్తాయి. నిజమైన మొత్తం 2+6, అంటే 8. మూడోది సరైనది. ఇలా ప్రత్యేక విలువతో పరీక్షించి చూడటం, మితులు సరిపోయాయా అని చూడటం, ఒక రాశిని సున్నా చేస్తే ఏమవుతుందో ఊహించడం శాస్త్రజ్ఞులు రోజూ చేసే పనులే. ఇవి తప్పును పట్టే షార్ట్‌కట్లు. ప్రశ్నలో ఫలానా మాట కనిపిస్తే బి పెట్టు అని నేర్పేవి వేరే. అవి పరీక్ష దాటాక ఎందుకూ పనికిరావు.

సాధన వరుసలోనూ ఒక చిక్కుంది. గైడుల్లో బిట్లు చాప్టర్ల వారీగా ఉంటాయి. మాత్రికల బిట్లు వంద, సదిశల బిట్లు వంద, శాంకవాల బిట్లు వంద. ఇరవై దాటేసరికి చెయ్యి తనంతట తాను నడుస్తుంది, వచ్చేసిందన్న ధీమా కూడా వస్తుంది. డగ్ రోరర్, కెలీ టేలర్ 2007లో కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం లెక్కలిచ్చి చూశారు. ఒక్కో రకాన్ని వరుసగా చేసినవాళ్లు సాధనలో 89 శాతం సరిగ్గా చేశారు, కలగలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో ఫలితం తిరగబడింది. వరుసగా చేసినవాళ్లకు 20 శాతం, కలిపి చేసినవాళ్లకు 63. అసలు పరీక్షలో ఏ లెక్క ఏ చాప్టరుదో ఎవరూ చెప్పరు కదా. గ్రాండ్ టెస్టులకు ఉన్న నిజమైన విలువ ఇదే, కాని అవి వచ్చేది ఆఖరి రెండు నెలల్లో. మొదటి ఏడాది నుంచే వారానికోసారి పాత చాప్టర్లను కలిపిన ముప్పై బిట్లు చేయించే లెక్చరర్లు లేకపోలేదు. పిల్లలకు మార్కులు తగ్గుతున్నాయని తల్లిదండ్రులు అలాంటివాళ్ల మీదే ఫిర్యాదు చేస్తారు.

డబ్బు సంగతి క్లుప్తంగా. బిట్లకు కరువు ఎప్పుడూ లేదు. తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు, విక్రమ్ గైడ్లు కోఠిలో సెకండ్ హ్యాండ్‌గా దొరికేవి. పత్రికల చదువు పేజీల్లో ఏళ్ల తరబడి మోడల్ పేపర్లు అచ్చయ్యాయి. టీశాట్ చానళ్లు పాఠాలు ఉచితంగా ప్రసారం చేస్తున్నాయి. ప్రవేశ పరీక్షల వెబ్‌సైట్లలో నమూనా పరీక్షలున్నాయి. 2020లో నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ అభ్యాస్ పేరుతో ఉచిత యాప్ కూడా తెచ్చింది. ఫోన్ ఉన్న ఇంట్లో బిట్లు కుప్పలు. లేనిది, తప్పు ఎక్కడ జరిగిందో చూసి చెప్పే మనిషి. కార్పొరేట్ కాలేజీ స్టార్ బ్యాచ్‌లో ఆ మనిషి ఉంటాడు, ఆఖరి సెక్షన్‌లో ఉండడు. గౌలిదొడ్డి సాంఘిక సంక్షేమ గురుకులం పిల్లలు ఐఐటీలకు వెళ్లారంటే అక్కడ బిట్లు వేరుగా ఉండటం వల్ల కాదు, కూర్చోబెట్టి చెప్పించిన ఏర్పాటు వల్ల.

భాష ఇంకో అడ్డు. తెలంగాణ పేపరు ఇంగ్లిష్‌తో పాటు తెలుగులో గానీ ఉర్దూలో గానీ ఉంటుంది. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ వస్తోంది. ప్రశ్న తెలుగులో ఉన్నా మంచి మెటీరియల్, వీడియోలు చాలావరకు ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. జడత్వ భ్రామకం అన్న పేరుతో చదువుకున్న పిల్ల యాప్‌లో మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అన్న బిట్టు దగ్గర ఆగి ఆలోచించే నాలుగు సెకన్లు, 67 సెకన్ల లెక్కలో చిన్నవేమీ కావు.

ప్రవేశ పరీక్షే లేకుండా చేయొచ్చా? 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలు, బాసర, నూజివీడు, ఇడుపులపాయ, పదో తరగతి మార్కులతో పల్లె పిల్లల్ని నేరుగా ఆరేళ్ల కోర్సులో చేర్చుకున్నాయి. వాళ్లకు ఇంటర్ వయసు బిట్ల పాలు కాలేదు. అయితే వాటి సీట్లు వేలల్లో, ఆశపడేవాళ్లు లక్షల్లో. ఇంకో మధ్యేమార్గం ఎంసెట్‌లో చాలాకాలం ఉంది: ర్యాంకులో 25 శాతం ఇంటర్ మార్కులకు. ఎంపీసీ గ్రూపులో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ప్రాక్టికల్స్ కలిపి 600 మార్కులు ఉండేవి. వాటి కోసమైనా పిల్లలు నిరూపణలు రాసేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వెయిటేజీ ఇంకా ఉంది. తెలంగాణ కరోనా కాలంలో పక్కన పెట్టి, 2023లో పూర్తిగా తీసేసింది. బోర్డుల మధ్య మార్కుల పోలిక కుదరదన్న వాదనలో న్యాయముంది. కానీ దాంతో, ర్యాంకుకు సంబంధించినంత వరకు, తెలంగాణలో ఇంటర్ విద్యార్థి రెండేళ్లలో చేత్తో పూర్తిగా రాసే జవాబుకు విలువ సున్నా అయింది. ఇది అంత తేలిగ్గా తీసుకోవలసిన నిర్ణయం కాదు.

పరీక్ష మారేదాకా ఆగకుండా చేయదగ్గ పని ఒకటుంది. పరీక్ష కంప్యూటర్‌లోకి మారాక ప్రతి విద్యార్థీ ప్రతి బిట్టుకు ఏ ఆప్షన్ నొక్కాడో సర్వర్‌లో ఉంటోంది. ఎవరి జవాబుల పత్రం వాళ్లకు ఇస్తున్నారు, ప్రాథమిక కీ విడుదల చేసి అభ్యంతరాలు కూడా అడుగుతున్నారు. ఆ అభ్యంతరాలన్నీ సరైన జవాబు ఏదన్న దాని మీదే. ప్రతి బిట్టులో ఏ తప్పు ఆప్షన్‌ను ఎంత శాతం మంది నమ్మారో, తెలుగు పేపరు ఎంచుకున్నవాళ్లు ఎక్కడ పడ్డారో, ఇంగ్లిష్‌వాళ్లు ఎక్కడ పడ్డారో పేర్లు లేకుండా పట్టికగా ప్రకటిస్తే అదనంగా అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. పీహెచ్ 8 అన్నవాళ్లు నూటికి నలభై మంది అని తేలితే, వచ్చే జూన్‌లో ఆ పాఠం చెప్పబోయే ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్‌కు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. పేపరులోని 160 ఒప్పులను కీ ఏటా బయటపెడుతోంది. 480 తప్పుల లెక్క మాత్రం ప్రవేశ పరీక్షల కన్వీనర్ల దగ్గరే ఉండిపోతోంది.